రింగులో రివర్సు లేదు

"ప్యాంటులో గుడ్డ అయిపోయింది," అంది టైలరమ్మ, ఒక గురువారం పొద్దున్నే, మొగుడు ఇంకా పళ్ళు తోముకుంటూ ఉండగానే.

ఆ మాట బరువు దర్జీలకే తెలుస్తుంది. ప్యాంటు కుట్టేటప్పుడు తెలివైన దర్జీ ఎవరైనా నడుము దగ్గర లోపలివైపు కాస్త గుడ్డ వదిలిపెడతారు. రేపు మనిషి ఒళ్ళు చేస్తే కుట్లు విప్పి ఆ గుడ్డని బయటికి తీయొచ్చు. కట్టుకున్నవాడి సంగతి తెలిసిన టైలరమ్మ, ఆయన యూనిఫారానికి మామూలుగా వదిలేదానికి రెట్టింపు వదిలింది. ఆ రెట్టింపు కూడా ఇప్పుడు ఖర్చయిపోయింది.

"విప్పడానికి ఇంక కుట్లు లేవు," అందావిడ ప్యాంటుని కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తూ. "ఈసారి పెరిగారంటే పక్కన అతుకు వేయాలి. ఖాకీకి ఖాకీ కలవకపోతే, నా దగ్గర స్కూలు పిల్లల గళ్ళ గుడ్డ మిగిలింది."

"బస్సులో కూర్చున్నవాడి నడుము ఎవరికి కనిపిస్తుందే," అన్నాడు మొగుడు నురగతోనే.

"నాకు కనిపిస్తుంది."

ఆ మొగుణ్ణి డిపోలో అందరూ రింగన్న అంటారు. ఊరి చుట్టూ ఉన్న రింగురోడ్డు మీద గుండ్రంగా తిరిగే సిటీ బస్సు అతనిది. పెళ్ళికి ముందు మొదలుపెట్టిన చుట్టు ఇంకా పూర్తి చేయలేదని డిపోలో ఒక జోకు. బండెక్కాడంటే షిఫ్టు అయ్యేదాకా సీటు వదలడు. అలాగని నిమ్మళమైన మనిషి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇంట్లో కుర్చీ మీద పట్టుమని పది నిమిషాలు కుదురుగా ఉండలేడు. లేస్తాడు, కిటికీలోంచి తొంగి చూస్తాడు, ఫ్యాను రెగ్యులేటరు తిప్పుతాడు, మళ్ళీ కూర్చుంటాడు. కూర్చోవడం అతనికి ఇష్టమే. కాకపోతే తను కూర్చున్నది కదులుతూ ఉండాలి.

భోజనాల దగ్గర కూడా అతని కబుర్లన్నీ రింగు మీదే. ఆ రింగుకి రెండు సూత్రాలు. మొదటిది, రింగులో రివర్సు లేదు. స్టాపు దాటిపోయినా, ఏదైనా మర్చిపోయినా ముందుకే పోవాలి, ఎలాగూ తిరిగి డిపోకే చేరతాం. రెండోది, ఎదురు సర్వీసు. ఎడమ నుంచి ఒక బండి, కుడి నుంచి ఒక బండి బయల్దేరాయంటే ఎక్కడో ఒకచోట ఎదురుపడి తీరాలి. ఎదురు బండి కనబడలేదంటే దానికేదో అయిందన్నమాట. అప్పుడు డ్రైవరన్నవాడు అది కనబడేదాకా వెళ్ళాలి తప్ప మధ్యలో ఆగకూడదు.

ఈ రెండు సూత్రాలనీ టైలరమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నం వడ్డిస్తూ వింటూనే ఉంది. ఆవిడ వినడం లేదనే రింగన్న ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

ప్యాంటు గొడవ అంతటితో పోయేదే. కానీ అంతకుముందు రోజే డిపో డాక్టరు రింగన్నని మేడ మెట్లు ఎక్కించి, దింపి, గుండెమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. పాట వింటున్నాడా అన్నంతసేపు విన్నాడు. విని, "నెల తరవాత మళ్ళీ చూస్తాను. అప్పుడూ ఇలాగే ఆయాసపడితే బస్సు ఇవ్వను, తాళాల కిటికీలో కూర్చోబెడతాను," అన్నాడు.

తాళాల కిటికీ డిపో వెనకాల ఉంటుంది. పొద్దున్నే డ్రైవర్లు వస్తే వాళ్ళ వాళ్ళ బండి తాళాలు అందించాలి, రాత్రికి తీసుకుని మేకుకి తగిలించాలి. అక్కడి కుర్చీని నేలకి బోల్టులు వేసి బిగించారు. ఇంకొకళ్ళు తోలే బండికి తాళాలు అందిస్తూ, కదలని కుర్చీలో, రిటైరయ్యేదాకా! రింగన్నకి రాత్రంతా నిద్ర పట్టలేదు, ఈ సంగతే చెప్పి చెప్పి ఆవిణ్ణీ పడుకోనివ్వలేదు.

"అయితే నడవండి," అంది టైలరమ్మ.

"రోజూ నడుస్తూనే ఉన్నాగా."

"ఎక్కడ?"

"బస్సు దగ్గరికి."

ఆవిడ ప్యాంటు మడతపెట్టింది. "ఆదివారం అందరం కొండమీదికి వెళ్దాం. బస్సు పైదాకా పోతుంది. శిఖరం చుట్టూ బాట ఉందట. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు కూడా తిరుగుతున్నారు. మీరు ఒక్క చుట్టు తిరగండి. తిరిగారంటే డాక్టరు దగ్గర కూడా గట్టెక్కుతారని నమ్ముతాను, ఇంక ఆ కిటికీ మాట నేనెత్తను. తిరగలేకపోయారంటే మాత్రం నెల దాకా ఆగొద్దు. సోమవారం మీ అంతట మీరే వెళ్ళి ఆ కిటికీ అడగాలి."

"వారమంతా గుండ్రంగా తిరిగేవాణ్ణి. సెలవు రోజు కూడా గుండ్రంగానే తిప్పుతావా?"

"వారమంతా తిరిగేది బస్సు. మీరు కూర్చుంటారు."

"ఇంత పంతం దేనికే?"

ఆవిడ మిషను మీద వేలాడుతున్న దారాన్ని పంటితో తెంపింది. "పోయినేడు మీ డిపోలో స్టీరింగు మీదే ఒరిగిపోయారే ఒకాయన. ఆయన భార్య నా దగ్గరే బట్టలు కుట్టిస్తుంది," అంది.

రింగన్న లేచి ఫ్యాను రెగ్యులేటరు తిప్పాడు.

మర్నాడు డిపోలో అతను తన కష్టాన్ని కండక్టరు దగ్గర వెళ్ళబోసుకున్నాడు. ఆ కండక్టరు ఎవరేమన్నా "రైట్" అంటాడు, అందుకని అతని పేరే రైట్‌రైట్ అయిపోయింది. అతని సలహా విని బాగుపడ్డవాళ్ళు ఎవరూ లేరు. అయినా సలహా అడక్కుండా ఉన్నవాళ్ళూ లేరు.

"అన్నా, ఆ చుట్టు ఎక్కడ మొదలవుతుంది?" అన్నాడు రైట్‌రైట్.

"టీ కొట్టు దగ్గర."

"ఎక్కడ ముగుస్తుంది?"

"టీ కొట్టు దగ్గరే."

"మరి నువ్వు టీ కొట్లోనే కూర్చుంటే మొదలెట్టినట్టూ అయింది, ముగించినట్టూ అయింది. మధ్యలో నడిచేది దేనికి? అది ప్యాసింజర్ల పని."

రింగన్నకి జ్ఞానోదయమైంది. ఇద్దరూ కలిసి పథకానికి మెరుగులు దిద్దారు. కుటుంబం ఎడమవైపు బాట పడుతుంది. రింగన్న మెల్లిగా వెనకబడి, టీ కొట్టుకి తిరిగొచ్చి, హాయిగా టీ తాగుతాడు. వాళ్ళు చుట్టు పూర్తి చేసే వేళకి కుడివైపు నుంచి కొంచెం లోపలికి వెళ్ళి ఒక రాతి చాటున నించుంటాడు. వాళ్ళు దాటిపోగానే వెనక కలిసి, "మీ వెనకాలే వస్తున్నాగా," అంటాడు. ఫోను ఆపేస్తే ఎక్కడున్నారని అడిగేవాళ్ళు కూడా ఉండరు.

"ఎక్కడైనా తేడా వస్తుందంటావా?" అన్నాడు రింగన్న.

"రైట్," అన్నాడు రైట్‌రైట్.

ఆదివారం కొండమీద బస్సు దిగారు నలుగురూ. రింగన్న, టైలరమ్మ, పన్నెండేళ్ళ కూతురు, గొడుగుతో అత్తగారు. ఎదురుగా టీ కొట్టు, దానికి ఎడమవైపు ఒక బాట, కుడివైపు ఒక బాట, మధ్యలో బోడిగుండులాంటి శిఖరం. "సులువైన బాట, కుటుంబసమేతంగా రండి," అని బోర్డు. బోర్డు మీద బొమ్మలో తండ్రి అందరికంటే ముందు, చెయ్యి ఊపుకుంటూ నడుస్తున్నాడు. రింగన్న ఆ బొమ్మకేసి ఈసడింపుగా చూశాడు.

"బ్యాగు నాకివ్వండి. నీళ్ళు, టిఫిను డబ్బాలు అన్నీ నేను మోస్తాను. మీరు చేతులూపుకుంటూ ముందు నడవండి," అన్నాడు.

"అల్లుడుగారికి ఎంత బాధ్యతో," అంది అత్తగారు.

"నాన్నా, నువ్వు ఎప్పుడూ బ్యాగు మోయవు కదా," అంది కూతురు.

"ఈరోజు నుంచి మోస్తాను."

టైలరమ్మ బ్యాగు పట్టీలు అతని భుజాలకి సరిపోయేలా లాగి బిగించింది, కొలతలు తీసుకునేటప్పుడు నించోబెట్టినట్టు నించోబెట్టి. తరవాత వెనక్కి తిరక్కుండా ఎడమ బాట పట్టింది. ఆవిడ నడకే అంత.

మొదటి మలుపు దూరంగా కనబడుతూనే రింగన్న ఒంగి కూర్చున్నాడు. "మీరు వెళ్తూ ఉండండి, లేసు ఊడింది," అని కేకేశాడు. అతని బూట్లకి లేసులు లేవు. ఆ సంగతి కూతురు గమనించి నోరు తెరవబోయింది. వాళ్ళమ్మ దాని భుజం మీద చెయ్యి వేసి ముందుకు నడిపించింది. ముగ్గురూ మలుపు తిరిగి కనుమరుగయ్యారు.

రింగన్న లేచి, దొంగపిల్లిలా వెనక్కి నడిచి, టీ కొట్లో బెంచీ మీద కూలబడ్డాడు.

"నేనిక్కడ కూర్చోలేదు," అన్నాడు కొట్టతనితో. "మావాళ్ళు ఎవరైనా వచ్చి అడిగితే నీకేమీ తెలియదని చెప్పు."

"సరే సార్. చక్కెర వేయనా?"

మొదటి టీ బ్రహ్మాండంగా ఉంది. రెండోది బాగానే ఉంది. ఆ తరవాతే వచ్చింది చిక్కు. బెంచీ కదలదు. రింగన్న అటు జరిగాడు, ఇటు జరిగాడు. లేచి కొట్లో వేలాడుతున్న బిస్కెట్ల పొట్లాలు లెక్కపెట్టాడు. ఆగి ఉన్న బస్సు చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూశాడు. ఆ బస్సు డ్రైవరు "ఏం సార్?" అంటే "గాలి తక్కువుంది," అన్నాడు. వచ్చి కూర్చున్నాడు. కాలు ఊపాడు. ఆ కాలు లేని క్లచ్చు కోసం వెతుక్కుంటోంది.

కాస్త ముందుగా వెళ్తే మాత్రం తప్పేముంది, రాతి చాటున నించుంటే చల్లగా కూడా ఉంటుంది, అనుకున్నాడు. ఫోను ఆపేసి కుడి బాట పట్టాడు.

రాయి దొరికింది. దాని వెనక నించున్నాడు. నించోవడం కూర్చోవడం కంటే కష్టంగా ఉంది. పక్క మలుపు దాకా వెళ్ళి చూస్తే వాళ్ళు వస్తున్నారో లేదో తెలుస్తుంది కదా అనుకున్నాడు. వెళ్ళి చూశాడు. ఎవరూ లేరు. అక్కడినుంచి ఇంకో మలుపు కనబడింది. దాని దాకా వెళ్ళాడు. అలా మలుపు తరవాత మలుపు, ఒక్కొక్కటీ ఇదే ఆఖరు అనుకుంటూ, బ్యాగు వీపుమీద దరువు వేస్తుండగా రింగన్న శిఖరం వెనకవైపుకి వచ్చేశాడు.

అక్కడ బాట సన్నబడింది. ఒకవైపు బండ, ఒకవైపు లోయ. ఇనుప కంచె ఉంది గానీ ఒకటి రెండు చోట్ల పడిపోయింది. ఎదురుగా ఒక పెద్దాయన భార్యతో వస్తున్నాడు.

"ముగ్గురు ఆడవాళ్ళు ఎదురయ్యారాండీ? ఒకావిడ చేతిలో గొడుగు?"

"లేదే. ఎడమ నుంచి వస్తున్నది మేమే. మా ముందు గానీ వెనక గానీ గొడుగుతో ఎవరూ లేరు."

రింగన్న గుండె ఒక్క స్టాపు వదిలేసి కొట్టుకుంది. వాళ్ళు బయల్దేరి ఎంతసేపయింది? రెండు టీలు, బస్సు టైర్లు, ఇంత నడక. ఈపాటికి ఎదురుపడి తీరాలి. ఎదురు సర్వీసు రాలేదు. ఎదురు సర్వీసు రాకపోతే ఏమిటర్థమో కొత్త డ్రైవర్లకి పాఠం చెప్పేది తనే.

అత్తగారి మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఏ కంచె కనబడినా దానిమీద వాలి కిందికి తొంగిచూసే కూతురి అలవాటు గుర్తొచ్చింది. ముందు చూపే తప్ప పక్క చూపు లేని భార్య నడక గుర్తొచ్చింది. నీళ్ళన్నీ తన వీపుమీదే ఉన్నాయని కూడా గుర్తొచ్చింది. రింగన్నకి భయమేసింది. ఫోను తీసి నొక్కాడు. అది వెలిగి, సిగ్నలు లేదని చెప్పి ఊరుకుంది.

వెనక్కి పోతే కొట్టు దగ్గర. కానీ మనుషులు ముందున్నారు. రింగన్న పరుగెత్తాడు. పెళ్ళిలో కూడా కారు దిగి మెల్లిగా నడిచిన మనిషి, టిఫిను డబ్బాలు గణగణలాడుతుండగా పరుగెత్తాడు. ఆయాసం సంగతే గుర్తు రాలేదు.

పడిపోయిన కంచె దగ్గర, సరిగ్గా అంచున, ఒక ఆడవాళ్ళ చెప్పుల జత కనబడింది. గోధుమ రంగు. టైలరమ్మవి కూడా గోధుమ రంగే.

రింగన్న మోకాళ్ళమీద పడి లోయలోకి వంగి, "ఏమే," అని అరిచాడు. లోయ కూడా "ఏమే" అంది. "ఒక్కసారి పలుకు. ఆ కిటికీలోనే కూర్చుంటాను. అతుకేసిన ప్యాంటే తొడుక్కుంటాను. గళ్ళ గుడ్డయినా సరే."

"బాబూ," అంది వెనకనుంచి ఒక గొంతు. "అవి నా చెప్పులు."

బండ నీడలో ఒక ముసలావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన చేతికర్ర. "కాళ్ళు మండుతుంటే విప్పాను. నువ్వు కాసేపు ఏడుస్తావేమో, ఏడిచాక అడుగుదామనుకున్నాను. ఇటు వెళ్తే బస్సు వస్తుందా?"

"వస్తుందండీ," అన్నాడు రింగన్న కళ్ళు తుడుచుకుంటూ. "ఎటు వెళ్ళినా వస్తుంది."

"అయితే నీతోనే వస్తాను. చెయ్యి ఇవ్వు."

డ్రైవరన్నవాడు స్టాపులో చెయ్యెత్తిన ముసలావిణ్ణి వదిలేసి పోలేడు. చెయ్యి ఇచ్చాడు. ఇంకొంచెం ముందు, ఏ దారిన వచ్చామో మర్చిపోయి పోట్లాడుకుంటున్న ఒక కొత్త జంట ఉంది. రాతిమీద కూలబడి, నడవాలా వద్దా అని ఆలోచిస్తున్న ఒక బొద్దాయన ఉన్నాడు. రింగన్న అందరినీ తనవాళ్ళ గురించి అడిగాడు. అందరూ లేదన్నారు, లేదని చెప్పి ఊరికే ఉండలేక వెంట వచ్చారు. ముసలావిడ కోసం మెల్లిగా నడవాలి, తనవాళ్ళ కోసం త్వరగా నడవాలి. రింగన్న రెండడుగులు ముందుకు ఉరకడం, "ఎక్కారా, అందరూ ఉన్నారా," అని వెనక్కి చూడడం, మళ్ళీ ఉరకడం.

అలా ఊరేగింపుగా వాళ్ళు కొండ కాపలా గార్డు గుడిసె చేరారు. గార్డు దగ్గర మైకు ఉంది. బాట పొడుగునా స్తంభాలకి లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి. పిల్లలు తప్పిపోతే పిలవడానికట.

"పెద్దవాళ్ళు తప్పిపోవడం ఇదే మొదలు," అన్నాడు గార్డు మైకు మీట నొక్కుతూ. "ఎంతమంది?"

"ముగ్గురండీ. మా ఆవిడ, మా అమ్మాయి, మా అత్తగారు."

"గుర్తులు చెప్పండి. ముందు అత్తగారు."

"చేతిలో గొడుగు. ఎండ లేకపోయినా ఉంటుంది. ఆవిడ మెల్లిగా నడుస్తారు, నోరు మాత్రం ముందే చేరుతుంది."

ఎక్కడో దూరంగా ఎవరో "నోరు మాత్రం ముందే చేరుతుంది" అన్నట్టు వినిపించింది. గాభరాలో రింగన్న పట్టించుకోలేదు.

"అమ్మాయి?"

"పన్నెండేళ్ళు. అన్నీ గమనిస్తుంది. అడిగితే నిజం చెప్పేస్తుంది, అదొక్కటే లోపం."

"మీ ఆవిడ? ఏ రంగు బట్టలు?"

రింగన్న నోరు తెరిచాడు. ఏ రంగు? పొద్దున్న బస్సులో పక్కనే కూర్చుంది. బ్యాగు పట్టీలు బిగించినప్పుడు ఎదురుగా నించుంది. ఊరందరి బట్టల రంగులూ చూసే మనిషి ఆవిడ. ఆవిడ బట్టల రంగు చూసినవాడు ఎవడూ లేడు. ఉండాల్సినవాడు తనే.

"రంగు తెలీదండీ," అన్నాడు. సిగ్గేసింది. "ముందు నడుస్తుంది. వెనక్కి తిరిగి చూడదు. కానీ వెనకాల నేను ఆగితే ఆవిడకి తెలిసిపోతుంది. అలా తెలిసే మనిషి ఈ కొండమీద ఇంకెవరూ ఉండరు. ఎవరికైనా కనబడితే కాసిని నీళ్ళివ్వండి. నీళ్ళన్నీ నా దగ్గరే ఉండిపోయాయి."

"మరి వాళ్ళు తప్పిపోయినప్పుడు మీరెక్కడున్నారు?"

"టీ కొట్లో."

"అక్కడేం చేస్తున్నారు?"

"చుట్టు పూర్తి చేస్తున్నానండీ."

గార్డుకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పమన్నాడు. రింగన్న చెప్పాడు. లేని లేసు, రెండు టీలు, రైట్‌రైట్ సలహా, రాతి చాటు, అన్నీ. చెప్పి ఊపిరి పీల్చుకోగానే, ఎదుటి స్తంభం మీదినుంచి తన గొంతే "రాతి చాటు" అని తిరిగి పలికింది. అప్పుడు చూశాడు. గార్డు వేలు మీట మీదే ఉంది. మొదటినుంచీ అక్కడే ఉంది.

గార్డు కూడా చూసుకున్నాడు. "అయ్యో," అని వేలు తీశాడు.

వెనక బొద్దాయన భుజాలు కదులుతున్నాయి. అప్పుడు గుడిసెలో ఫోను మోగింది. గార్డు ఎత్తి, "ఆఁ... ఆఁ... అలాగేనమ్మా," అని పెట్టేశాడు.

"మీవాళ్ళు టీ కొట్లో ఉన్నారు సార్. మొదటి మలుపు చాటునుంచి మీరు కుడివైపు వెళ్ళడం చూసి, వెంటనే కొట్టుకి తిరిగొచ్చేశారట. అప్పట్నుంచీ అక్కడే ఉన్నారట."

రింగన్న పక్కనున్న బల్లమీద కూలబడ్డాడు. కోపం రావాలి కదా అని చూశాడు. రాలేదు. ఊపిరి మాత్రం బాగా ఆడింది.

"వెనక్కి తిరక్కుండా ముందుకే రమ్మన్నారు," అన్నాడు గార్డు. "రింగులో రివర్సు లేదని చెప్పమన్నారు. మీకు తెలుస్తుందట. ఇంకోటి, బట్టలు ముదురాకుపచ్చ రంగని కూడా చెప్పమన్నారు."

మిగిలిన బాట రింగన్న మాట్లాడకుండా నడిచాడు. ముసలావిడ మాట్లాడుతూ నడిచింది. "భార్యంటే అంత భయమా బాబూ," అని ఒకసారి, "భార్యంటే అంత ఇష్టమా బాబూ," అని ఒకసారి అడిగింది. రెండిటికీ ఒకటే తల ఊపుడు సరిపోయింది.

ఎడమ బాటలోంచి అతను బయటికి రాగానే టీ కొట్లో ఉన్నవాళ్ళంతా లేచి నించుని చప్పట్లు కొట్టారు. గాలి తక్కువైన బస్సు డ్రైవరు హారను కొట్టాడు.

"అల్లుడుగారూ," అంది అత్తగారు గొడుగు ఆనించుకుని. "నా నోరు ముందే చేరింది. మీరే ఆలస్యం."

"నేనేమీ చెప్పలేదు సార్," అన్నాడు కొట్టతను వినయంగా. "మీరిక్కడ కూర్చోలేదనీ, నాకేమీ తెలియదని చెప్పమన్నారనీ మాత్రమే చెప్పాను."

కూతురు తండ్రి బూట్లకేసి చూసి, పక్కకి జరిగి చోటిచ్చింది.

టైలరమ్మ వచ్చి అతని వీపు మీంచి బ్యాగు దింపింది. ముదురాకుపచ్చ రంగే. అంచు దగ్గర చిన్న తెల్లదారం అతుక్కుని ఉంది. రింగన్న దాన్ని తీసేశాడు. ఆవిడ నీళ్ళ సీసా మూత తీసి అతని చేతికిచ్చింది.

"ఎదురు సర్వీసు కనబడకపోతే మీరు ఆగరని తెలుసు," అంది మెల్లిగా. "కానీ మీరు రావడం ఆలస్యమైపోయింది. గార్డుని పంపిద్దామా అని కొట్టతని ఫోను తీసుకుంటుంటే మైకులో మీ గొంతు వినబడింది. నాకూ భయమేసిందండీ."

రింగన్న సగం సీసా తాగి, మిగతా సగం ఆవిడకిచ్చాడు.

"చుట్టు తిరిగారు," అంది ఆవిడ మామూలు గొంతుతో. "మాటంటే మాటే. కిటికీ మాట ఇంక ఎత్తను. అయినా మిమ్మల్ని ఆ కిటికీలో కూర్చోబెడితే డిపోవాళ్ళు ఫ్యాను రెగ్యులేటర్లు కొనలేక చావాలి."

రింగన్నకి ప్రాణం లేచొచ్చింది. పథకం పాడైతేనేం, పందెం తనే గెలిచాడు. బస్సు తనదే. "అంతేగా మరి. తిరిగానుగా. ఇంక ఈ కొండకీ మనకీ..." అని ఏదో అనబోయాడు.

"బాబూ," అంది చేతికర్ర ముసలావిడ బస్సు మెట్టుమీదినుంచి. "వచ్చే ఆదివారం ఎన్నింటికి?"

"ఏమిటండీ?"

"నీ సర్వీసు. ఒక్కదాన్నే రావాలంటే నాకు భయం. నువ్వయితే చెయ్యిచ్చి తీసుకెళ్తావు."

"నేనూ వస్తాను," అన్నాడు బొద్దాయన. కొత్త జంట కూడా తలూపింది. మొదటిసారి వాళ్ళిద్దరూ ఒక మాటమీద ఉన్నారు.

రింగన్న దిక్కుతోచక భార్యకేసి చూశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ప్యాసింజర్లకి రానని చెప్పిన రోజు లేదు. ఆ సంగతి కూడా అన్నం వడ్డిస్తూ విన్నదే.

"ఏడింటికండీ," అంది టైలరమ్మ ముసలావిడతో. "ఎడమవైపు నుంచి."

నెల తిరిగేసరికి డిపో డాక్టరు రింగన్నని మెట్లు ఎక్కించి, దింపి, గొట్టం పెట్టి కొద్దిసేపే విన్నాడు. పాట బాగుందన్నట్టు తల పంకించి బస్సు తాళాలు ఇమ్మన్నాడు. టైలరమ్మ ప్యాంటు కుట్లు విప్పి గుడ్డని తిరిగి లోపలికి మడిచి కుట్టింది. సంగతంతా విన్న రైట్‌రైట్, "చూశావా అన్నా, నా సలహా," అన్నాడు.

ఆ వారం ఆదివారం కూడా ఎప్పట్లాగే ఏడింటికి రింగు సర్వీసు టీ కొట్టు దగ్గర బయల్దేరింది. టైలరమ్మ ముందు, ఈసారి గోధుమ రంగు, రింగన్న పొద్దున్నే చూసి పెట్టుకున్నాడు. వెనక కూతురు, ఆ వెనక ముసలావిడ చెయ్యి పట్టుకున్న అత్తగారు, కొత్త జంట, బొద్దాయన. అందరికంటే వెనకాల బ్యాగుతో రింగన్న. కాళ్ళకి కొత్త బూట్లు, టైలరమ్మే కొనిపెట్టింది.

మొదటి మలుపు దగ్గర బూటు వదులైనట్టనిపించి రింగన్న నిజంగానే ఒంగాడు.

"ఏవండీ," అంది టైలరమ్మ ముందునుంచి, వెనక్కి తిరక్కుండానే. "టీ కొట్టు అటు లేదు. ఇటు నడిస్తేనే వస్తుంది."

"లేసు కట్టుకుంటున్నానే. ఈ బూట్లకి ఉన్నాయి."

"తెలుసు. అందుకే లేసులున్నవి కొన్నాను. ఆ సాకు ఎంతసేపు పడుతుందో నాకు లెక్క ఉండాలి కదా."

రింగన్న గబగబా ముడి వేసుకుని లేచాడు.